అటక మీది చిక్కుడు

నివేదిక 341

నాలుగో మడి, కాపరి వరహాలు. మడికి నీళ్ళందాయి, గాలందింది. కాపరికి మాత్రం టీ అందలేదు.

ఊరి పెద్దలు కూర్చునే పెద్దగది నుంచి మళ్ళీ కబురొచ్చింది. పంట ఎత్తు, ఆకు రంగు, నీళ్ళ ఉప్పదనం చెప్పి ఊరుకోవాలట. సొంత గొడవలన్నీ చెప్పి గోడలోని చెవి నింపెయ్యకూడదట. ఈ చెవిలో చెప్పింది నా తర్వాత ఈ మడికొచ్చే కాపరి తప్ప ఎవరూ వినరు. విననివాళ్ళకి విసుగెందుకో నాకర్థం కాదు. కాబట్టి ఓ నా తర్వాతి కాపరీ, ఓపికుంటే విను, లేకపోతే నీ ఖర్మ.

పొద్దున్నే గాజు గోకాను. అవతల సముద్రం, ఇవతల మనం, మధ్యలో ఈ గాజు. ఎంత గోకినా మర్నాటికి ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. మా దిగువ వరస ఇళ్ళల్లో అయితే గొట్టం నీళ్ళలోనే ఉప్పు. ఈ ఏడాది బిందె అడుగున గీరితే చేతికొస్తోంది. ఆ నీళ్ళకి ఏ పాదూ బతకడం లేదు. పెద్దగది తీర్మానం చేసేసింది. ఏడాదికోసారొచ్చే పెద్దపోటులోగా ఆ నీళ్ళతో కాసే పంట ఒక్కదానికైనా ముద్ర పడాలి, లేదంటే దిగువ వరస ఖాళీ. నలభై ఇళ్ళనీ విడగొట్టి తలా ఒక గాజుబుడగకి పంపేస్తారు, ఏడాదికో పడవ నడిచే చోట్లకి. నేను పుట్టింది ఆ వరసలో. మా ఆయన పోయింది అక్కడే. పిల్లాజెల్లా లేని నాకు ఆ గడపలే చుట్టాలు.

ఆ పంట నా దగ్గరుంది. ఎన్నిసార్లు మాడి, కుళ్ళి, మళ్ళీ మొలిస్తే వచ్చిందో ఈ చిక్కుడు! ఉప్పునీళ్ళు పోస్తే ఆకులు నిగనిగలాడుతున్నాయి. పిందెలు కూడా పడ్డాయి.

ఇవాళ దాన్ని అటకెక్కించాల్సి వచ్చింది. మడి ఒకటే, పాయలు రెండు. తల్లిపాయ ఊరికి తోటకూర పెంచే పాయ, పిల్లపాయ మా ప్రయోగాలది. మడిలో ఒకసారికి ఒక్క పాయే పడుతుంది. తోటకూర వంతు వచ్చిందంటే యంత్రం పిల్లపాయని ఆకు ఆకునీ, మట్టి రేణువు రేణువునీ గుర్తుపెట్టుకుని విప్పేసి, ఆ చోట తోటకూర అల్లుతుంది. ముద్ర పడ్డ పంటకి ఏ భయమూ లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడొస్తుంది. కానీ గింజ ఎండందే ముద్ర వెయ్యరు. నా చిక్కుడు లాంటి సగం పని యంత్రం తలలో ఉండే అటక మీదికి పోవాలి.

అటక మీద పెట్టినదానికి పేరుండదు. చివర ఎక్కించింది ముందు దిగుతుంది, అంతే. కావాలంటే చీటీ తగిలించుకోవచ్చుగానీ ఎవరూ తగిలించరు. మడికి ఇద్దరు కాపర్లు, వాళ్ళని జంట అంటారు. ఎక్కించడానికీ దించడానికీ ఇద్దరిలో ఎవరి బొటనవేలైనా చాలు. ముద్రకి మాత్రం రెండు వేళ్ళూ పడాలి. జంటకి చీటీలేంటి? ఇంట్లో కంచాల మీద పేర్లు రాసుకుంటామా?

నా జంట భ్రమరాంబ, ఎగువ వరస మనిషి. ఇవాళ రాలేదు. మోకాలు పట్టేసిందట. పాదొకటి పందిరి మీంచి జారిపోతుంటే కట్టడానికి దారం దొరక్క నా పాత చీర అంచు చింపి నీలం పీలిక కట్టాను. ఆ వెంటనే నేనొక్కదాన్నే మీట నొక్కి అటకెక్కించేశాను.

నివేదిక 342

తోటకూర ఏపుగా ఉంది. తోటకూర గురించి అంతకన్నా చెప్పడానికేముంటుంది?

భ్రమరాంబ కుంటుకుంటూ వచ్చింది. మొక్కల మధ్య పీట వేసుకుని నేను కోస్తుంటే తను కట్టలు కట్టింది. ముప్ఫై ఏళ్ళుగా ఇంతే మేము. నేను వాగుతాను, అది నవ్వుతుంది.

"వరాలూ, నిజంగా కాస్తాదంటావా అది?" అంది.

"పిందెలు సూశావుగా, ఇంకా అనుమానమేంటే?"

"అనుమానం కాదులే. ఊరికే అడిగాను."

ఇంట్లో సంగతులడిగాను. కూతురు సుభాషిణికి నెలలు నిండుతున్నాయి. ఒక్క గదిలో ఆరుగురు. రాబోయేవాడితో ఏడు. పడుకున్నాక ఒకరు అటు తిరిగితే అందరూ తిరగాల్సిందేనంది. నాకు నవ్వొచ్చింది. దానికి రాలేదు.

నివేదిక 343

ఎత్తు, రంగు ఇవాళ అడగొద్దు.

తోటకూర వంతు అయిపోయింది. పాయ మార్చి, అటక మీది దించమని వేలు పెట్టాను. యంత్రం గుర్రుమంది. మడిలో మట్టి పడింది, తీగ లేచింది, ఆకులు విచ్చుకున్నాయి. పెద్ద పెద్ద ఆకులు, గరుకువి. చిక్కుడు కాదు. బీరపాదు!

ఒక్క క్షణం బుర్ర పని చెయ్యలేదు. ఆ తర్వాత తీగకి కట్టిన పసుపు రిబ్బను కనబడింది. భ్రమరాంబ జడ రిబ్బను. మేమిద్దరం జంట కట్టిన కొత్తలో వేసిన బీర అది. అప్పుడు గాజు పగిలి మరమ్మతులొస్తే హడావిడిగా అటకెక్కించి, రేపు దించుదాంలే అనుకుని మర్చిపోయాం. ఆ రోజుల్లో దాని జడ నడుం దాటి ఉండేది. పందిరికి దారం చాలకపోతే రిబ్బను ఊడదీసి కట్టేసి, జుట్టు విరబోసుకుని ఇంటికెళ్ళి అమ్మ చేత తిట్లు తింది.

ఇంకొకప్పుడైతే ముచ్చటపడేదాన్ని. కానీ చిక్కుడు కింద ఉన్న బీర దిగిందంటే దాని మీద చిక్కుడు లేదన్నమాట. ఎవరో తీసేశారు.

బీరని మళ్ళీ అటకెక్కించాను. మడి బోసిగా ఉంది. పెద్దపోటు దగ్గరికొస్తోంది.

నివేదిక 344

యంత్రాల కామేశం బాబాయిని లాక్కొచ్చాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, మీటలు నొక్కి, తల గోక్కున్నాడు.

"అటక దేన్నీ మింగదమ్మాయ్. ఎవరో పారెయ్యమన్నారు, పారేసింది."

"ఎవరు?"

"అది యంత్రం గుర్తుపెట్టుకోదు. కానీ మీ మడి మీద పడే బొటనవేళ్ళు రెండే కదా."

నాకు ఒళ్ళు మండింది. "బాబాయ్, పెద్దోడివని ఊరుకుంటున్నాను. భ్రమర అలాంటిది కాదు. నీ యంత్రానికే ఏదో మాయరోగం వచ్చింది" అన్నాను. ఇంకా చాలా అన్నాను. అవి ఇక్కడ చెప్పను, నా తర్వాతి కాపరి చిన్నపిల్లయితే బాగోదు.

ఆయన కోపం తెచ్చుకోలేదు. పారేసినవేవీ వెంటనే నాశనమైపోవట. ఊరందరూ పారేసినవన్నీ పోగులో పడి ఉంటాయట. అమావాస్య పోటుకి పోగంతా ఊడ్చేస్తారు, ఊడ్పంటారు దాన్ని. అప్పటిదాకా అక్కడే ఉంటాయి. పోగులో పేర్లుండవు, వరస కూడా ఉండదు. పోగు గదిలో రెండు అద్దాలున్నాయి. కుప్పలో సగం ఒక అద్దంలో, సగం ఇంకో అద్దంలో కనిపిస్తుంది. ఒక్కొక్కటీ జరుపుకుంటూ చూసుకోవాలి. కనబడితే ఎత్తుకోవచ్చు.

"అమావాస్య ఎల్లుండేనమ్మాయ్" అన్నాడు. 

భ్రమరాంబకి చెప్పగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నన్ను పట్టుకుని నాతోపాటు ఏడ్చింది. "నేనూ వస్తాను పద, ఇద్దరం ఎతుకుదాం" అంది. ఆ మోకాలితోనే వచ్చింది. ఇలాంటి మనిషినా కామేశం బాబాయ్ అనుమానించింది!

నివేదిక 345

నిన్నా ఇవాళా పోగు గదిలోనే ఉన్నాం. కుడి అద్దం నాది, ఎడమ అద్దం భ్రమరాంబది.

మనుషులు ఎన్ని పారేసుకుంటారో! పండీ పండని టమాటాలు, సగం అల్లిన కుర్చీలు, ఎవరిదో పురుగు పట్టిన వంగతోట. ఒకచోట పూర్తికాని ఉయ్యాల కనబడింది. అది ఎవరు మొదలుపెట్టారో, ఎందుకు ఆపేశారో ఆలోచించకుండా జరిపేశాను. చిక్కుడన్నది కనబడితే చాలు అద్దానికి మొహం ఆనించి చూసేదాన్ని. ఒకసారి గోరుచిక్కుడు, ఒకసారి ఎండిపోయిన మామూలు చిక్కుడు. నాది కాదు.

నా కుప్ప అయిపోయింది. "నీ దాంట్లో?" అన్నాను.

"అంతా సూసేశానే. లేదు" అంది భ్రమరాంబ. కొంగుతో నా మొహం తుడిచింది. "పోనీలే వరాలూ. మనం సెయ్యగలిగింది సేశాం. ఆ నీలం పీలిక కట్టిన పాదే అన్నిటికన్నా ముందు ఎండుండేది, ప్చ్."

ఇంటి నుంచి ఉప్పుడుపిండి చేసి తెచ్చింది. రెండు రోజులుగా ఏమీ తినలేదని బలవంతాన నోట్లో పెట్టి, మోకాలు నొప్పిగా ఉందని వెళ్ళిపోయింది. ఊడ్పు సాయంత్రానికే.

నివేదిక 346

రెండో ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయాను.

నీలం పీలిక.

నేను పీలిక కట్టిన రోజు భ్రమరాంబ రాలేదు. కట్టిన మరుక్షణం అటకెక్కించాను. దాని గురించి ఎవరికీ చెప్పలేదు, ఈ చెవికి తప్ప. చెప్పుకునేంత గొప్ప సంగతా అది, చీర అంచు చింపితే? భ్రమర దాన్ని చూడాలంటే అటక మీంచి పారేసే ముందు యంత్రం అద్దంలో చూపించి "ఇదేనా?" అని అడుగుతుంది కదా, అప్పుడు చూసుండాలి. లేదా ఇవాళ ఎడమ అద్దంలో చూసుండాలి.

అయ్యో, ఎడమ అద్దం నేను చూడనే లేదు.

పరుగెత్తాను. ఈ వయసులో అంత పరుగు ఎప్పుడూ పెట్టలేదు. ఊడ్పు కోసం పోటుగేట్లు అప్పటికే కిర్రుమంటున్నాయి. ఎడమ అద్దం దగ్గర కూలబడి జరిపాను, జరిపాను. వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఒకచోట పచ్చగా కనబడింది. పందిరి, నిగనిగలాడే ఆకులు, పిందెలు, చివరి పాదుకి నా చీర అంచు.

'ఎత్తు' అన్న చోట వేలు పెట్టాను. రెండుసార్లు పెట్టాను, మొదటిసారి పడలేదేమోనని.

ఇప్పుడు చిక్కుడు మడిలో ఉంది. ఒక్క ఆకు నలగలేదు. దాని పక్కన కూర్చుని ఏడ్చాను. దొరికినందుకు కాదు. భ్రమర ఈ పచ్చటిదాన్ని అద్దంలో చూసి, వేలితో పక్కకి జరిపి, నా వైపు తిరిగి నా కళ్ళు తుడిచింది. నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో ఇన్నేళ్ళకి తెలిసింది.

నివేదిక 347

ఎగువ వరసకెళ్ళాను. భ్రమరాంబ గదిలో ఒక్కతే ఉంది, మోకాలికి గుడ్డ చుట్టుకుంటోంది.

"నీలం పీలిక సంగతి నీకెవరు సెప్పారే?"

చేతిలో గుడ్డ ఆగిపోయింది. అబద్ధం చెబుతుందేమోనని చూశాను. చెప్పలేదు.

"ఎవరూ సెప్పలేదు. అద్దంలో సూశాను, పారేసేటప్పుడు."

"దొరికింది. ఎత్తుకొచ్చాను. మడిలో ఉంది."

భ్రమర కళ్ళు మూసుకుంది. ఆ మొహంలో దిగులు కనబడిందో, బరువు దిగినట్టు కనబడిందో నాకు తెలీదు. తెలుసుకోవాలని కూడా లేదు.

"మీ వరస ఖాళీ అయితే ఆ ఇళ్ళు విప్పేసి, ఆ గాజూ ఆ గాలీ మాకు గదులుగా అల్లుతారంట. మొదటి గది సుభాషిణికే ఇస్తామని పెద్దగదిలో మాటిచ్చారు. ఈ గది సూడవే. ఇక్కడ పురుడెలా పోయను? బిడ్డని ఎక్కడ పడుకోబెట్టను?"

"అందుకని నలభై ఇళ్ళని చెత్తలో పారేశావా?"

"నిన్ను పంపేసేదాన్ననుకున్నావా? నిన్ను పంపనిచ్చేదాన్ని కాదే! మా ఇంట్లోనే నీకు మంచం ఏయిద్దామనుకున్నాను. సుభాషిణి బిడ్డని నీ ఒళ్ళోనే ఏద్దామనుకున్నాను."

"మా పక్కింటి మహంకాళమ్మకి ఎక్కడేయిద్దామనుకున్నావు మంచం?"

భ్రమర మోకాలి గుడ్డ ముడి విప్పి మళ్ళీ కట్టింది.

"సరే, పారేశావు. మరి నా పక్కన కూర్చుని ఎతికావేంటే? రెండు రోజులు! నా మొహం తుడుస్తూ, నాకు ముద్దలు కలిపి పెడుతూ!"

"నువ్వొక్కదానివే ఏడుస్తుంటే సూడలేకపోయానే" అంది.

కొట్టేదాన్నే. చెయ్యి లేచింది కూడా. ఇంతలో నీళ్ళబిందె పట్టుకుని సుభాషిణి వచ్చింది. ఆయాసపడుతూ "పిన్నీ, ఎప్పుడొచ్చావు?" అని నవ్వింది. లేచిన చేత్తోనే బిందె అందుకుని దింపి వచ్చేశాను.

నివేదిక 348

ఎత్తు బాగుంది, ఆకు ముదురు పచ్చ, నీళ్ళు ఉప్పుగా ఉన్నాయి. చూశారా, క్లుప్తంగా చెప్పడం నాకూ వచ్చు.

ఊరంతా వినేలా అరిచి చెప్పాలని ఉంది. దిగువ వరసలో గడప గడపకీ వెళ్ళి, ఇదీ మీ భ్రమరాంబ అని చెప్పాలని ఉంది. నోరు కట్టేసుకున్నాను. పెద్దగదికి తెలిస్తే జంట రద్దవుతుంది. రద్దయితే విచారణ ముగిసేదాకా మడి ఖాళీ చేస్తారు, ఉన్న పంట పోగుపాలవుతుంది. విచారణ ముగిసేసరికి పెద్దపోటు వచ్చి పోతుంది.

పైగా ముద్రకి రెండు వేళ్ళు కావాలి. నా వేలూ, దాని వేలూ.

అందుకని రోజూ వస్తోంది. రోజూ పక్కపక్కనే కూర్చుంటున్నాం. నేను ఎండుటాకులు గిల్లుతాను, తను పందిరి సర్దుతుంది. ఇద్దరి మధ్యా మాట లేదు. ఎప్పుడూ వాగే నా నోరు మూతబడేసరికి మడిలో నీటిచుక్క పడ్డా వినబడుతోంది. తను నీళ్ళు పోస్తే ఎన్ని పోసిందో చూస్తాను. తను ఇంటికెళ్ళాకే నేను కదులుతాను. వంటా పడకా ఇక్కడే. కాయలు ఎండే వేళకి తల్లిపాయ వంతు రాకుండా కామేశం బాబాయి ఏవో సాకులు చెప్పి తోటకూరని ఐదో మడికి మళ్ళించాడు. ఆయన్ని తిట్టినందుకు క్షమించమన్నాను. నవ్వి ఊరుకున్నాడు, ఏమీ అడగలేదు.

ఒక్కసారి మాత్రం భ్రమర నోరు విప్పింది. "అటక మీద బీరపాదు ఉందన్నావు కదా. ఈ చిక్కుడు అయ్యాక దాన్ని దించుదామా? ఇప్పుడైనా కాయిద్దాం."

నేను లేచి గాజు గోకడానికి వెళ్ళాను.

నివేదిక 349

ముద్ర పడింది.

దిగువ వరసంతా వచ్చింది. కాయలు కరకరలాడేలా ఎండాయి. పెద్దగది మనిషి గింజలు నలిపి చూసి సరేనన్నాడు. నేను వేలు పెట్టాను. తర్వాత భ్రమరాంబ వంతు.

వేలు ఎత్తింది, ఆగింది. జనంలో కూతురు నుంచుని ఉంది, గోడకి ఆనుకుని, నిండు కడుపుతో. భ్రమర అటు చూసింది. నలభై ఇళ్ళూ ఆ వేలి కిందే ఉన్నాయి, వాళ్ళకి ఆ సంగతి తెలీదు. పసిపిల్లలు గోల చేస్తున్నారు. ఎవరో పాట అందుకున్నారు.

వేలు పెట్టేసింది.

మహంకాళమ్మ ఇద్దరినీ కావలించుకుంది. భ్రమర చేతులు కళ్ళకద్దుకుని, "నీ కడుపు సల్లగుండ, మా ఇల్లు నిలబెట్టావు తల్లీ" అంది. ఇంకా ఎంతమందో అలాగే అన్నారు. నేను పక్కనే నుంచుని అన్నీ విన్నాను. పళ్ళు కొరుక్కుని కొరుక్కుని దవడలు నొప్పెట్టాయి.

ముద్ర పడ్డ పంటని వండి, మొదటి ముద్ద జంటలో ఒకరికొకరు తినిపించుకోవడం మా ఆనవాయితీ. అందరూ చూస్తున్నారు. నా చేత్తో దాని నోట్లో ముద్ద పెట్టాను. అది మింగలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆనందంతో అనుకున్నారు జనం. దాని చేతి ముద్ద నేను నమిలి మింగాను. ఉప్పు సరిపోయింది.

నివేదిక 350

దిగువ వరసలో పందిళ్ళు వేస్తున్నారు. ఏ ఇంటి ముందు చూసినా చిక్కుడు మొలకలే. సుభాషిణికి ఆడపిల్ల పుట్టింది. ఆ గదిలోనే పుట్టింది, ఏడుగురిలో ఏడోది. మా ఇంటి ముందుగదిలో ఉండమని సుభాషిణికి కబురు పెట్టాను. బిడ్డ ఏం చేసింది పాపం? భ్రమర మాత్రం నా గడప తొక్కకూడదని కూడా చెప్పాను. ఎందుకని అడిగితే మీ అమ్మనే అడుగు అన్నాను.

మడి ఖాళీగా ఉంది. అటక మీంచి బీరపాదుని దించలేదు. పారెయ్యమన్నాను. యంత్రం అద్దంలో చూపించి "ఇదేనా?" అంది. తీగా, ఆ గరుకు ఆకులూ, పసుపు రిబ్బనూ కనబడ్డాయి. జుట్టు విరబోసుకుని నవ్వుతూ పరుగెత్తిన పిల్ల గుర్తొచ్చింది. ఎంత ప్రేమగా ఉండేదాన్నో దానితో! ఎంత పిచ్చిదాన్ని! వేలు పెట్టేశాను.

భ్రమరాంబ వచ్చింది. ఖాళీ మడినీ, నన్నూ చూసింది.

"బీర ఏదే?"

"పోగులో ఉంది."

"వరాలూ..."

"అమావాస్య దాకా అక్కడే ఉంటాది. కావాలంటే ఎతుక్కో. రెండు అద్దాలూ నువ్వే సూసుకో, నేను రాను."

వెళ్ళిపోయింది. ఇంటివైపు కాదు. పోగు గది తలుపు చప్పుడైంది, ఆ తర్వాత అద్దం మీద ఒక్కొక్కటీ జరుపుతున్న చప్పుడు. ఒకటి, మళ్ళీ ఒకటి. అది ఏ అద్దంలో ఉందో నాకు తెలుసు, పారేశాక వెళ్ళి చూసొచ్చాను. చెప్పలేదు.

నీళ్ళు అందాయి, గాలి అందింది. కొత్త విత్తనాలు నానబెట్టాను.